ముప్ఫై రెండు ఆకులు, ఒక సూది

బుధవారం పొద్దున దర్జీ వేసుకున్న లెక్క చిన్నదే. భార్యను బస్సెక్కించడం, ఇంటికొచ్చి నల్లకోటుకు చేతులు అతకడం, తిన్నాక కాసేపు నడుం వాల్చడం. ఆ లెక్కలో మొక్క లేదు.

భార్య మాత్రం చెప్పులేసుకుని కూడా గుమ్మం దాటలేదు. ముందుగదిలో తూర్పు కిటికీ పక్కన కుండీలో ఆమె క్రోటన్ మొక్క ఉంది. ఎరుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ డబ్బాలు ఒకేసారి ఒలికినట్టుంటాయి దాని ఆకులు. రోజూ తడిగుడ్డతో ఆకాకునూ తుడిచేది. మట్టిలో వేలు గుచ్చి చూసిగాని నీళ్ళు పోసేది కాదు. ఊళ్ళో ఏటా జరిగే క్రోటన్ మొక్కల పోటీలో రెండుసార్లూ మొదటి బహుమతిని తోడికోడలు ఎగరేసుకుపోయింది. ఈ ఆదివారం మూడో పోటీ.

"ముప్ఫై రెండు ఆకులున్నాయి. లెక్కపెట్టే పోతున్నా."

"ఆకులు నేనేమైనా మేస్తానా ఏమిటే?"

"మేయరు గానీ మీ చెయ్యి ఊరుకోదుగా! దాన్ని కదపకండి. చోటు మారిస్తే అలుగుతుంది. ఆదివారం నేను అక్కావాళ్ళింటి నుంచి తిన్నగా హాలుకే వస్తా, మీరు కుండీ పట్టుకొచ్చేయండి. ఈసారి కూడా మీ వదిన ముందు తలొంచుకోవాల్సొస్తే, అటునుంచటే మళ్ళీ అక్క దగ్గరికి పోతా. చెప్పలేదనకండి."

బస్సు వెళ్ళింది. దర్జీ కోటు ముందేసుకున్నాడు. నల్ల గుడ్డ, నల్ల దారం, యాభై దాటిన కళ్ళు. వెలుతురంతా క్రోటన్ తాగేస్తోంది. కుండీని రెండు బారలు అవతలికి జరిపాడు. జరపడం కదపడం కాదని ఆయన ఉద్దేశం.

సాయంత్రానికి రెండు ఆకులు రాలాయి. వెలుతురు చాలలేదనుకుని వసారాలో పెట్టాడు. పొద్దునకి మరో ఏడు రాలాయి. గాలి పడలేదనుకుని వంటింటి మూలకు చేర్చాడు. మధ్యాహ్నానికి ఎనిమిది. పొయ్యి సెగ అయ్యుంటుందని నీళ్ళగదికి మోశాడు. అక్కడ ఏకంగా పది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే కాబోలు అనుకుంటూ, చివరికి కుండీని మళ్ళీ కిటికీ దగ్గరే పెట్టి దణ్ణం పెట్టాడు. కొమ్మకు అయిదు ఆకులు మిగిలాయి. రాలినవాటిని వదలబుద్ధి కాక, ఊడిన గుండీలు దాచినట్టు, పళ్ళెంలో తడిగుడ్డ కింద దాచాడు.

శుక్రవారం భార్య ఫోను చేసింది.

"ఆకులన్నీ ఉన్నాయా?"

దర్జీ పళ్ళెంలోకి చూశాడు. "అన్నీ ఉన్నాయే."

"రంగు తగ్గలేదుగా?"

"రంగుకేం, నిగనిగలాడుతోంది."

"కదపలేదుగా?"

"కిటికీ దగ్గరే ఉంది, నా ఎదురుగా."

ఫోను పెట్టాక పళ్ళెం ముందేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ పనిలో, చిరిగినది ఏది తెచ్చినా ఇది నావల్ల కాదని తిప్పిపంపిన మనిషి కాదు. దారాల పెట్టె తెరిచాడు. ఎర్ర ఆకుకు ఎర్ర దారం, పసుపుకు పసుపు. సన్న సూదిని కాడలోంచి పోనిస్తే పాలు కారాయి, గుడ్డపీలికతో అద్దాడు. ఒక ఆకు తిరగేసి పడితే విప్పి మళ్ళీ కుట్టాడు. శనివారం మధ్యాహ్నానికి ఇరవై ఏడూ కొమ్మనెక్కాయి.

చివరి దారం కొరుకుతుండగా వదిన వచ్చింది, చేతిలో జాకెట్టుతో.

"ఇది కాస్త వదులు చెయ్యి మరిదీ..." అంటూనే కిటికీ వైపు చూసి ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "ఒక్కటీ రాల్లేదే! ఏం వేస్తున్నావయ్యా దీనికి?"

"నేనేం వేస్తానొదినా, హస్తవాసి."

ఆమె ముక్కు ఆకులకు ఆనేలా వంగి చూసింది. చటుక్కున లేచి, జాకెట్టు చేతిలో పట్టుకునే పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

'దారం చూసేసింది. రేపు పదిమందిలో చెబుతుంది' అనుకున్నాడు దర్జీ.

ఆదివారం హాల్లో తొమ్మిది క్రోటన్లు వరసగా కూర్చున్నాయి. భార్య సంచీ భుజానేసుకుని వచ్చి, పలకరించకుండానే ఆకులు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. కళ్ళు చెమర్చాయి.

"మీరింత పని చేస్తారనుకోలేదండీ!"

"నేనూ అనుకోలేదే."

అవతల వదిన, బహుమతులు నిర్ణయించే మాస్టారి చెవిలో ఏదో చెబుతోంది. ఆయన వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన పెద్దమనిషి. నిజానికి ఆమె మంచినీళ్ళెక్కడని అడిగింది. దర్జీ మాత్రం తన గుట్టే చెబుతోందనుకున్నాడు. మాస్టారు తిన్నగా ఆయన కుండీ దగ్గరికే వచ్చి, ఒక ఎర్రాకును మెల్లగా లాగారు. రాలేదు. ఇంకాస్త లాగారు. ఆకు రాలేదు, కుండీ వచ్చింది.

మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏమిటయ్యా ఇది?"

"దారమండి."

"ఆకుకు దారమేమిటి?"

"రంగు కలిసిందనే అనుకున్నానండి."

హాలంతా గొల్లుమంది. భార్య జారిన సంచీని మళ్ళీ భుజానికెత్తుకుంది. అది చూసి దర్జీకి ఎక్కడలేని గొంతూ వచ్చింది. "ఇందులో ఆవిడ తప్పేం లేదు మాస్టారూ! మూడేళ్ళు బిడ్డలా సాకింది. కదపొద్దంటే కదిపింది నేను. రాలాయి, కుట్టాను. శిక్షేదో నాకెయ్యండి."

"మోసం! పచ్చి మోసం!" వదిన చెయ్యి విసిరింది. ఆ చెయ్యి తగిలి ఆమె క్రోటన్ ఊగింది. నాలుగాకులు బల్ల మీద పడ్డాయి, జిగురుతో సహా. మాస్టారు ఒకటి తీసి చూస్తే అది ఆయన వేలిని వదల్లేదు.

మూడో కుండీ యజమాని గబగబా తువ్వాలు కప్పబోయాడు. దాంట్లో గుండుసూదులు దొరికాయి. తర్వాతి దాంట్లో జడపిన్నులు, ఆ తర్వాత అతుకు టేపు. పోటీకి ముస్తాబు చేద్దామని, ఎండ తగిలిద్దామని, అందరూ వారం రోజులు కుండీలు మోసినవాళ్ళే.

మాస్టారు వేలికంటిన ఆకుతోనే నుదురు తుడుచుకున్నారు. "దీన్ని కదపొద్దురా అని నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. పోటీ పెట్టి తొమ్మిదిళ్ళ నుంచి మోయించిందీ నేనే. సరే, నిజం ఒప్పుకున్నది ఇతనొక్కడు. పైగా పనితనమంటే పనితనం. మొదటి బహుమతి ఈ మొక్కకే."

"ముందే చెబితే నాదీ నీకే ఇచ్చేదాన్నిగా మరిదీ!" అంది వదిన, కళ్ళొత్తుకుంటూ.

మెట్లు దిగుతూ దర్జీ నసిగాడు. "మరి... మీ అక్కావాళ్ళింటికి బస్సెక్కుతావా?"

"బహుమతి చంకలో పెట్టుకుని ఎక్కడికి పోతాను? నడవండి. కుండీ నేను పట్టుకుంటా, మీరు ముట్టుకోకండి."

మర్నాడు పొద్దుటికి మొక్క సొంత ఆకులు అయిదూ రాలిపోయాయి. కుట్టినవి మాత్రం ఒక్కటీ చెక్కుచెదరలేదు.