పదో బిడ్డ పుట్టేదాకా

ఒక ఆసుపత్రి గొప్పతనాన్ని అది ఎంతమందికి మందు పోసిందన్నదాన్ని బట్టి కాక, ఎంత మందు పారబోయలేదన్నదాన్ని బట్టి కొలవాలి. ఈ మహాసత్యాన్ని కనిపెట్టినవారు కాన్పుల ఆసుపత్రి టీకాల అధికారి. (ఇంతకంటే చిన్న సత్యాలు ఆయనకు తట్టవు.)

హెపటైటిస్ బి టీకా సీసా ఒక్కోటి పదిమంది పసివాళ్లకు వస్తుంది. తెరిచిన సీసాను సాయంత్రానికల్లా పారేయాలని, పదిమంది పోగైతే తప్ప అసలు తెరవకూడదని ఆయన నియమం పెట్టారు. చుక్క మందు వృథా కాలేదు. పైవాళ్లు ప్రశంసాపత్రం పంపితే కుర్చీ వెనక తగిలించుకుని, గదిలోకి వచ్చినవాళ్లు దాన్ని చూసేదాకా కూర్చోమనేవారు కాదు.

ఇంతలో ఆయన భార్యకు నెలలు నిండాయి. ఆమెకు హెపటైటిస్ బి ఉందని కడుపుతో ఉండగా చేసిన రక్తపరీక్షలోనే తేలింది. ఆ జబ్బు బిడ్డకు అంటుకుని జన్మంతా కాలేయాన్ని పట్టుకోకుండా ఉండాలంటే పుట్టిన రోజే టీకా పడాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఆయనకు ఇది కంఠతా వచ్చు. (దీనిమీద ఉపన్యాసాలిచ్చేది ఆయనే.)

పొద్దున్నే ఆడపిల్ల పుట్టింది. టీకాకు తోడుగా ఇవ్వాల్సిన ఇంకో ఇంజెక్షను ఒక్కరికే సరిపోయే సీసాలో వస్తుంది గనుక వెంటనే ఇచ్చేశారు. టీకా దగ్గరే బండి ఆగింది.

"సీసా తెరవండి సిస్టర్."

"మన పాపతో కలిపి నలుగురే ఉన్నారు సార్. మినహాయింపుకి టీకాల అధికారి సంతకం కావాలి."

"నేనే కదమ్మా ఆ అధికారిని!"

"ఇవాళ మీరు సెలవులో ఉన్నారు సార్. సెలవులో ఉన్నవాళ్ల సంతకం చెల్లదని మీరే రాశారు."

నియమంలో ఎక్కడా సందు లేదని ఒక్క క్షణం గర్వపడ్డారు. తర్వాత అందులో ఇరుక్కున్నది తన పాపేనని గుర్తొచ్చింది. సెలవు రద్దు చేసుకుందామంటే అర్జీ ముందురోజే పెట్టుకోవాలట. (అదీ ఆయన రాసిందే.) చేసేదిలేక కాన్పు గది తలుపు దగ్గర చేరి, లోపల ఎవరో అరిస్తే "కానివ్వమ్మా, కానివ్వు" అని గొణగసాగారు.

పక్కనే నిలబడ్డ ఆమె భర్త అనుమానంగా చూశాడు. "మా ఆవిడ మీకేమవుతుందండీ?"

"ఐదో నంబరు," అన్నారాయన.

మధ్యాహ్నం దాటినా లెక్క ఐదు దగ్గరే ఉంది. ఆయనకు భయం వేసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. సిస్టర్ ఫ్రిజ్‌లోంచి టీకా సీసా బయటికి తీసింది.

"సార్, సీసా పగిలితే ఏం చేయాలి?"

"పగిలితే వృథా కింద కాదు, ప్రమాదం కింద రాస్తాం. ఎవరి సంతకమూ అక్కర్లేదు."

"అయితే ఇది పగిలింది సార్," అంటూ చెక్కుచెదరని సీసాలోంచి మందు సిరంజిలోకి తీసి పాపకు వేసింది. మిగతా నలుగురికీ వేసింది.

పాప ఏడుపు మానాక మంచం మీంచి భార్య అడిగింది. "ఏవండీ, పదిమంది పోగవని రోజుల్లో పిల్లల్ని ఏం చేసేవారు?"

"మళ్లీ రమ్మని ఇంటికి పంపేవాళ్లం."

"వాళ్లలో నాలాంటి తల్లులకి పుట్టినవాళ్లు ఎంతమంది?"

ఆయన పాప పాదాన్ని చేతిలోకి తీసుకున్నారు.

"ఆ లెక్క మేం రాయం," అన్నారు. "అది వృథా కిందికి రాదు."