ఎదురుగా నిలబడని ఖాళీ

భార్య నాంచారమ్మ చనిపోతూ పిచ్చేశ్వరరావుకు వదిలి వెళ్లిన ఖాళీని పురపాలక సంఘం లాక్కుని, పెళ్లే కాని సుబ్బారాయుడికి కట్టబెట్టింది. అది అన్యాయం. దీనిమీద వాదనకు తావు లేదు.

అరవై దాటినవాళ్లంతా జంట డాన్సు నేర్చుకోవాలని సంఘం తీర్మానించింది. మోకాళ్లకు మంచిదట. జంట లేనివాళ్లు తమ ఖాళీని వెంటబెట్టుకుని సాయంత్రం కళ్యాణమండపానికి రావాలి. ఎవరినీ పోగొట్టుకోనివాళ్లకు ఖాళీ ఉండదు కాబట్టి వాళ్లు గోడవారన కుర్చీల్లో కూర్చుని చూడాలి. సుబ్బారాయుడు రోజూ అలా కూర్చునేవాడు.

పిచ్చేశ్వరరావు ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లాడు. ఖాళీ నాలుగడుగులు వెనకగా వచ్చింది. నాంచారమ్మ అలాగే నడిచేది. సంతకైనా, సినిమాకైనా, ఆస్పత్రికైనా ఆయన ముందు, ఆమె వెనక. ఆ ఊళ్లో మర్యాదస్తుల నడక అది.

డాన్సు నేర్పే రోజ్‌లిన్ టీచరు ఆయన్ని ఆపింది.

"బాబాయ్ గారూ, ఆవిడ మీకు ఎదురుగా ఉండాలి. వీపు చూపిస్తే ఎట్టా?"

ఆయన వెనక్కి తిరిగాడు. ఖాళీ చుట్టూ తిరిగి మళ్లీ వెనక్కే పోయింది. ఆయన చటుక్కున తిరిగాడు. అదీ చటుక్కున తిరిగింది. ఇద్దరూ అలా గిరగిరా తిరుగుతుంటే అదే డాన్సనుకుని పక్క జంటలు చప్పట్లు కొట్టాయి.

"పేరు పెట్టి పిలవండి, వస్తారు."

"పెళ్లాన్ని పేరెట్టి ఎవడు పిలుస్తాడమ్మా?"

"మరి ఏమని పిలిచేవారు?"

"పిలవడమేంటి? దగ్గేవాణ్ణి."

దగ్గాడు. వెనకనుంచి మంచినీళ్ల గ్లాసు వచ్చింది. ఖాళీ మాత్రం రాలేదు.

ఎదురుగా నిలబడని ఖాళీని సంఘం వెనక్కి తీసుకుని, అవసరమున్నవాళ్లకు కేటాయిస్తుందని నిబంధన. నెలాఖరున ఆరోగ్యాధికారి పరీక్షకు వస్తాడు. ఖాళీ పోతే భోజనం దగ్గర కసురుకోవడానికి కూడా పిచ్చేశ్వరరావుకు ఎవరూ ఉండరు. అందుకని ఇంట్లో ఆయన గోడకు వీపు ఆనించి నిలబడి సాధన చేశాడు. ఖాళీ గోడ అవతల, పక్కింటివాళ్ల వంటగదిలో నిలబడి ఎదురుచూసింది. తమ పొయ్యి దగ్గర అడ్డంగా ఉందని వాళ్లు గొడవ చేశారు.

పరీక్ష రోజు అధికారి ముందు ఆయన చేతులు చాచి ఒంటరిగా ఊగాడు. ఖాళీ వెనకే ఉంది. ఆయన దగ్గాడు. వచ్చిన నీళ్లు అధికారి తాగేసి, "పనిమంతురాలే. డాన్సు రాదు," అన్నాడు.

అప్పుడు సుబ్బారాయుడు కుర్చీలోంచి లేచాడు. పిచ్చేశ్వరరావును దాటుకుని వెళ్లి చెయ్యి చాచాడు.

"నాకూ రాదండీ. రండి, ఇద్దరం కలిసే పడదాం."

ఖాళీ నడిచి వచ్చి సుబ్బారాయుడికి ఎదురుగా నిలబడింది. ఇద్దరూ తప్పు అడుగులే వేశారు. "అమ్మో, తొక్కేశారు!" అన్నాడు సుబ్బారాయుడు. ఖాళీ పకపకా నవ్వింది. మండపమంతా వినపడింది.

సుబ్బారాయుడికి కేటాయించడానికి అభ్యంతరం చెప్పదలిస్తే, ఖాళీ తనదేనని సొంతదారు గుర్తుపట్టాలి. అధికారి అడిగాడు.

"ఈ నవ్వు మీ ఆవిడదేనా?"

పిచ్చేశ్వరరావు చాలాసేపు విన్నాడు. ఆ నవ్వు ఆయన ఎప్పుడూ వినలేదు. అబద్ధం ఆడే అలవాటు లేదు.

"కాదు," అన్నాడు.

కేటాయింపు అక్కడికక్కడే పూర్తయింది. పిచ్చేశ్వరరావు ఎప్పటిలాగే ముందు నడిచి ఇంటికి వచ్చాడు. అరుగుమీద కూర్చున్న పక్కింటాయన, "ఏమైంది, ఒక్కరే వస్తున్నారు?" అని అడిగాడు.

"వెనక ఎవరన్నా ఉన్నారో లేదో నేనెప్పుడు చూశాను? ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తమాకండి," అని తలుపేసుకున్నాడు.