సీలు తీయని మనిషి

కారు అత్యవసర పెట్టెలో జాకీ, తాడు, టార్చిలైటు, దూది, టించరుతో పాటు ఆగే మనిషి ఒకరు కూడా తప్పనిసరిగా ఉండాలని రూలు రావడంతో, కనకవల్లి మొగుణ్ణి వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళి మంచి పెట్టె ఒకటి కొంది. రూలు కొత్తదే గానీ అందులో వింతేమీ లేదు. రోడ్డు మీద ఎవరూ ఆగడం లేదు కాబట్టి, ఆగేవాణ్ణి ఎవరి డిక్కీలో వాళ్ళే పెట్టుకోవాలి. స్టెప్నీ టైరు మోసుకు తిరగడానికి లేని అభ్యంతరం మనిషి దగ్గరకొచ్చేసరికి ఎందుకు?

నిజానికి ఆ రూలు పుట్టిందే వల్లి కోపంలోంచి. రెండేళ్ళ కిందట ఆవిడ తమ్ముడు చిట్టిబాబు బైపాస్ మీద బండి జారి పడి, పట్టపగలు, అంతమంది చూస్తుండగా నెత్తురు కారి కారి పోయాడు. కార్లు ఆగలేదా అంటే, నెమ్మదించాయి. అద్దాలు దించారు, ఫోన్లు బయటపెట్టారు, హెల్మెట్ లేకుండా బండెందుకెక్కాలి అన్నారు, అద్దాలెత్తుకుని పోయారు. థూ, వీళ్ళ బతుకులు తగలెయ్య! చావుకి కారణం అధిక రక్తస్రావం అని రాస్తే, అది కాదు, 'ఎవరూ ఆగకపోవడం' అని రాయండంటూ వల్లి ప్రతి సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకి వెళ్ళి కూర్చుంది. చాలాకాలం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆఖరికి రహదారి దయ శాఖ అని ఒకటి పెట్టి, ఆవిడకి శాలువా కప్పి, ఈ రూలు తెచ్చారు.

కొట్టాయన రెండు పెట్టెలు మూత తీసి చూపించాడు. "ఇది చవక రకం అమ్మా. ఆగుతాడు గానీ ముందు వీడియో తీసుకుంటాడు. ఇదిగో, ఇది ఒరిజినల్. పేరు గవరయ్య. ముక్కూమొహం తెలియనివాణ్ణెవణ్ణో ఆస్పత్రిలో చేర్చిన పాపానికి ఇప్పటికీ కోర్టు వాయిదాలకి తిరుగుతున్నాడు. అయినా బుద్ధి రాలేదు."

పెట్టెలో మోకాళ్ళు మడుచుకుని కూర్చున్న గవరయ్య ప్లాస్టిక్ కవరు లోపల్నుంచే దణ్ణం పెట్టాడు. గాలికి చిల్లులున్నాయి, తిండికి నోటి దగ్గర చిన్న మూత ఉంది. "ఎవరైనా పడ్డారని తెలిస్తే డిక్కీ తడతానమ్మా. తమరు బండాపి సీలు చింపండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు. ఇలాంటివాడు ఆ రోజు ఒక్కడుంటేనా అని వల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆవిడ మొగుడు జగన్నాథరావు చూపు మాత్రం సీలు మీదే ఉంది. "ఇది చిరిగితే ఏంటి పరిస్థితి?" అని అడిగాడు.

"ఇంకో పెట్టె కొనేదాకా బండి రోడ్డెక్కకూడదండి. తనిఖీలో ముందు చూసేది సీలే."

జగన్నాథరావు సంగతి ఇక్కడ చెప్పాలి. కారు కొని మూడేళ్ళయినా సీట్ల మీద కంపెనీ వాళ్ళ ప్లాస్టిక్ కవర్లు తీయలేదాయన. ఎండాకాలం వీపులు అంటుకుపోయినా సరే. కవరు తీస్తే వస్తువు పాతబడిపోతుందని ఆయన నమ్మకం. నవ్వకండి, మీ ఇంట్లో టీవీ రిమోటు ఎందులో ఉందో చూసుకుని అప్పుడు నవ్వండి. గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించినప్పుడు పూజారి గవరయ్యకి బొట్టు పెట్టబోతే, "స్వామీ, కవరు మీదే పెట్టండి," అన్నాడు. పూజారి అలాగే పెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కని ఇద్దరూ బయల్దేరారు. బైపాస్ మీద, చిట్టిబాబు పడ్డచోటికి కాస్త ఇవతల, ఒక మోపెడ్ పడిపోయి ఉంది. పక్కన ఒక కుర్రాడు తొడ పట్టుకుని కూర్చున్నాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. కార్లు వరసగా నెమ్మదిస్తున్నాయి. అద్దం దించి, "బాబూ, పెట్టె ఉందా?" అని అడుగుతున్నారు. లేదని తలూపితే, "అయ్యో పాపం," అని అద్దమెత్తుకుంటున్నారు. మోపెడ్‌కి డిక్కీ ఎక్కడిది, పెట్టె ఎక్కడ పెడతాడు అంటే, ఆ సంగతి రూల్లో రాయలేదు.

డిక్కీలోంచి దబదబా చప్పుడొచ్చింది. గవరయ్య తడుతున్నాడు.

"ఏమండీ, ఆపండి! డిక్కీ తీయండి!" అంది వల్లి.

జగన్నాథరావు బండాపాడు గానీ స్టీరింగు వదల్లేదు. "తనిఖీ రేపే వల్లీ. సీలు పోతే రేపేం చూపిస్తాం?"

"అక్కడ మనిషి పోతున్నాడండీ!"

"మనం కొన్నది మన కోసం. మనవాళ్ళెవరైనా పడితే ఆ క్షణమే చింపుతాను, నీ మీద ఒట్టు. ఊళ్ళోవాళ్ళందరికీ వాడేస్తే, రేపు మనకి అవసరమొస్తే ఎవడున్నాడు?"

వల్లి తనే తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. వెనక కారాయన తల బయటపెట్టి, "దిగకండమ్మా! సీలు లేని మామూలు మనిషి ఆగితే కేసు మీ మీదే అవుతుంది," అని మర్యాదగానే చెప్పాడు.

కుర్రాడు ఆవిణ్ణి చూశాడు. ఎర్రబడ్డ చెయ్యెత్తి, "అక్కా," అన్నాడు.

ఆ పిలుపుతో వల్లికి ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద కాదు, వెనక కారాయన మీదా కాదు. ఆ కుర్రాడి మీద. ఎవరు పిలవమన్నారు వీణ్ణి? "పెట్టె లేకుండా అసలు బండెందుకెక్కాలి, చెప్పండి!" అని అరిచి, కాలు లోపలికి తీసుకుంది. అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. అయినా తలుపేసుకుంది.

గవరయ్య తడుతూనే ఉన్నాడు. మొదట తలుపు తట్టాడు, తర్వాత గుద్దాడు, ఆ తర్వాత తలతో కొట్టుకుంటున్న చప్పుడు. జగన్నాథరావు పాటలు పెట్టాడు. వల్లి చెయ్యి చాపి సౌండు ఇంకాస్త పెంచింది. టోల్‌గేటు దాటాక చప్పుడాగిపోయింది. ఫంక్షన్‌లో గుత్తొంకాయ బాగా కుదిరిందని అందరూ అన్నారు.

మర్నాడు దయ శాఖ ఆఫీసులో ఇన్‌స్పెక్టరు మొదట సీలు చూసి, "భేష్, గీత కూడా పడలేదు," అన్నాడు. జగన్నాథరావు ఛాతీ పొంగింది. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు ఫోన్లో రికార్డు చేసిన కేక ఒకటి పెట్టె దగ్గర వినిపించాడు. ఎవరో, "అమ్మా, చచ్చిపోతున్నాను," అంటున్నారు. లోపల గవరయ్య కళ్ళు తెరిచే ఉన్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వినిపించాడు. గవరయ్య కాస్త విసుక్కుని అటు తిరిగాడు.

"మామూలు మనిషైపోయాడమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీ తప్పేం లేదు. వాడకుండా ఉంచితే అందరూ ఇంతే. ఇతన్ని వదిలేసి ఇంకోటి కొనుక్కోండి."

టేబుల్ మీద ఆ రోజు పేపరుంది. జిల్లా పేజీలో మూల మోపెడ్ కుర్రాడి ఫోటో వేశారు. చావుకి కారణం 'పెట్టె లేకపోవడం' అని రాశారు. కారణం తేటగా రాయమని వల్లి అన్ని సోమవారాలు పోరాడింది కదా, ఇప్పుడు తేటగానే రాస్తున్నారు. ఆవిడ చదివి పేపరు మడిచి పెట్టింది.

కవరు చింపగానే బొట్టు దాంతోనే పోయింది. గవరయ్య బయటికొచ్చి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఎక్కడికెళ్తావు బాబూ?" అని వల్లి అడిగితే, "సెకండ్‌హ్యాండ్‌లో కారొకటి చూసుకోవాలండి," అన్నాడు. ఆఫీసు గేటు ముందు సైకిల్ మీంచి ఒక ముసలాయన పడి లేవలేక మూలుగుతున్నాడు. గవరయ్య అక్కడ నెమ్మదించి, కిందికి వంగి, "పెట్టె ఉందా తాతా?" అని అడిగి, పక్క నుంచి దాటుకుని వెళ్ళిపోయాడు.

మొగుడూ పెళ్ళాం కారు ఆఫీసు దగ్గరే వదిలి తిన్నగా ఆటోనగర్ వెళ్ళారు. కొట్టాయన వాళ్ళని గుర్తుపట్టి కుర్చీలు వేసి, మళ్ళీ ఆ ఒరిజినల్ రకమే తీయమంటారా అన్నాడు. జగన్నాథరావు నోరు తెరిచేలోపే వల్లి చెప్పింది.

"ఒరిజినలే ఇవ్వండి. కాకపోతే ఈసారి అంత గట్టిగా తట్టనివాణ్ణి చూడండి."

"ఇప్పుడు అమ్ముడుపోతున్నవన్నీ అవేనమ్మా," అంటూ కొట్టాయన లోపలికెళ్ళాడు.