బూజుగారికి జేజేలు

బూజు పట్టిందని రొట్టె పారేస్తున్నారా? ఆగండి! మనిషి కంటే బూజే మేలని ఈ బోరం, అంటే నేను, నిరూపిస్తాను.

మా గుమ్‌సాన్ ఊళ్లో బలానికి తినే జిన్సెంగ్ వేరు తెలియనివారు లేరు. ఆ వేరులోని మందుకు చక్కెర అతుక్కుని ఉంటుంది, అందుకే ఒంటికి సరిగా పట్టదు. బూజు ఆ చక్కెరను ఊడదీసి తినేస్తే అసలు సరుకు బయటపడుతుంది. పైగా అది జీతం అడగదు, సెలవు అడగదు, పట్టా అసలే అడగదు! అడిగేదాన్ని నేనే. బూజు ఆ పని పూర్తిచేసిన రోజున నాకు డాక్టరేట్ అని మా ల్యాబ్ పెద్ద, ప్రొఫెసర్ ప్యో మాటిచ్చారు. నాకు ముప్పై నాలుగేళ్లు. బూజుకు మాత్రం తొందర లేదు.

దాని వైభోగం చూడండి! చలికాలంలో దాని గదికి హీటర్, నాకు రెండు స్వెటర్లు. పొద్దున్నే ప్రొఫెసర్‌గారు తలుపు తీస్తూనే, "ఏమ్మా బోరం, అది తిందా?" అంటారు. నేను తిన్నానో లేదో ఆయనకెందుకు?

బూజును వేరు రసంలో పులియబెట్టే కొత్త యంత్రం, ఫెర్మెంటర్, వచ్చిన రోజు మా ఊరి ఆచారం ప్రకారం పూజ చేశాం. పంది తలను ముందు పెట్టి, దాని నోట్లో డబ్బు కుక్కి, సైంటిస్టులందరం సాగిలపడ్డాం. యంత్రం చెడిపోకూడదంటే ఇంతకంటే శాస్త్రీయమైన మార్గం ఉందా? చివర్లో పెద్దవారు యంత్రం కాళ్ల దగ్గర మక్కొల్లి, అంటే బియ్యపు కల్లు, చిలకరించాలి. మా ప్రొఫెసర్‌గారు ఉత్సాహం కొద్దీ పైనుంచి కుమ్మరించారు.

"సార్, మూత! వేరు రసం పోస్తూ మూత తీసుంచాను సార్!"

"ఉండమ్మా, దాన్నీ ఓ గుక్క తాగనీ!"

కల్లులోని బూజు మా బూజు ఇంట్లో కాపురం పెట్టేసింది. మర్నాడు నురగ చూసి ఆయన చిందులు తొక్కారు. "మూత తీసిందెవరు?" తీసింది నేనే కదా! అందరి ముందూ నడుం వంచి క్షమాపణ చెప్పుకున్నాను.

పారబోసే ముందు ఎందుకైనా మంచిదని పరీక్ష చేశాను. చక్కెర మొత్తం ఊడిపోయింది! ల్యాబంతా గంతులేశాను. సంతోషంతో ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రానికల్లా ప్రొఫెసర్‌గారు కల్లు కావాలనే పోశారని తేలింది. కొత్త బూజుకు ఆయన ఇంటిపేరే పెట్టారు.

"మరి నా డాక్టరేట్ సార్?"

"పోసింది నేను, తిన్నది బూజు. మధ్యలో నువ్వేం చేశావమ్మా?"

"పోనీ, నేను చెప్పిన క్షమాపణైనా వెనక్కి ఇచ్చేయండి సార్."

ఆయన ఆప్యాయంగా నా భుజం తట్టారు. "ఛ, అదెక్కడి మాట! ఈ పరిశోధనలో పూర్తిగా నీదైనది అదొక్కటే. ఉంచుకో తల్లీ!"