అమావాస్య లేని కంప్యూటరు

కాలం ఎవరి కోసమూ ఆగదని పెద్దలు చెప్పిన మాటను కొంచెం సవరించుకోవలసి ఉంది. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కోసం అది ఆగింది. ఆగడమే కాదు, చెప్పినప్పుడు వెనక్కి నడిచింది, వద్దన్న గంటల్ని తనే తప్పించుకుని పోయింది. ఇందుకోసం ఎవరూ ఒంటికాలి మీద తపస్సు చేయలేదు. రెండువేల ఒకటో సంవత్సరంలో ఒక కంప్యూటరు కొన్నారు, అంతే.

కంప్యూటరుతో పాటు నాగజ్యోతిని కూడా తెచ్చుకున్నారు. కనిగిరి పిల్ల. ఒంగోల్లో కంప్యూటరు కోర్సు చేసింది. టిక్కీలు ఏ రోజు లోపలికి వచ్చాయి, ఏ రోజు బయటికి వెళ్లాయి అన్నది చూసుకునే ప్రోగ్రామును ఎవరి సాయమూ లేకుండా తనే రాసింది. (టిక్కీ అంటే మిర్చి బస్తా. గుంటూరు వైపు ఈ మాట తెలియనివాళ్లకు మిర్చి గురించి మాట్లాడే హక్కు లేదు.)

ప్రోగ్రాములో అన్నిటికంటే ఆమెను ఏడిపించింది తేదీలే. ఆమె నేర్చుకున్న కంప్యూటరు భాషకు నెల ముందు, తేదీ వెనక రాసే అలవాటుండేది. బతిమాలి దానికి మన పద్ధతి నేర్పింది. ఫిబ్రవరి ముప్పై అని కొడితే ఒప్పుకోకుండా చేసింది. ఆఖరున రెండు కాపలాలు పెట్టింది. ఇంకా రాని తేదీ వేసి సరుకు లోపలికి వచ్చిందంటే మొదటి కాపలా ఆపుతుంది. లోపలికి రాని సరుకును బయటికి పంపమంటే రెండోది ఆపుతుంది. ఆ రెండు లైన్లూ పని చేసిన రోజు ఆమెకు క్యారేజీలో పులిసిన పెరుగన్నం కూడా కమ్మగా ఉంది.

స్టోరేజీ యజమాని ప్రేమ్‌చంద్ గారు మంచివారు. పంచాంగం చూడనిదే చొక్కా మార్చరన్న మాటే గానీ మరో వంక పెట్టడానికి లేదు. ఆయన కంప్యూటరు చుట్టూ ఒకసారి తిరిగి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏమ్మా, ఇందులో తిథి ఎక్కడ కనపడుద్ది?"

"తిథి ఉండదండీ. తేదీ, నెల, సంవత్సరం, గంట, నిమిషం."

"నక్షత్రం?"

"లేదండీ."

"పోనీ వర్జ్యం?"

"అదీ లేదండీ."

ప్రేమ్‌చంద్ గారు కంప్యూటరు వైపు జాలిగా చూశారు. "అంటే, మంచి టైమో చెడ్డ టైమో తెలీకుండానే బతుకుతోందన్నమాట ఇన్నాళ్లూ!"

ప్రారంభోత్సవానికి సిద్ధాంతిగారు పొద్దున్నే దివ్యమైన ముహూర్తం పెట్టారు. సరిగ్గా ఆ ముహూర్తానికే కరెంటు పోయింది. గేటు దగ్గర పనిచేసే బుడాన్ కొబ్బరికాయ పట్టుకుని నిలబడి నిలబడి చెయ్యి మార్చుకున్నాడు. కరెంటు వచ్చేసరికి రాహుకాలం కూడా వచ్చింది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని వీధిలో నిలబెట్టినట్టు అయిపోయింది ప్రేమ్‌చంద్ గారి మొహం. చూసి ఓర్చుకోలేక నాగజ్యోతి ఒక మాట అంది.

"సార్, దీని గడియారాన్ని వెనక్కి తిప్పొచ్చండీ. ముహూర్తం టైము పెట్టి ఆన్ చేద్దాం."

ఆ మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు. గడియారం తిప్పారు. ముహూర్తం తిరిగొచ్చింది. కొబ్బరికాయ పగిలింది. "ఇంత తేలికా!" అన్నారు ప్రేమ్‌చంద్ గారు. ఆ రోజు నుంచి ఆయన నడకే మారిపోయింది.

వారం తిరక్కుండా స్టోరేజీలో కాలపాలనా నియమావళి అమల్లోకి వచ్చింది. సిద్ధాంతిగారు కాల వ్యవహారాల గౌరవ సలహాదారుగా నియమితులయ్యారు. బుడాన్ హోదా గేటు మనిషి నుంచి కాలరక్షకుడికి పెరిగింది. (జీతం మాత్రం గేటు దగ్గరే ఆగింది.) రాహుకాలం మొదలవగానే అతను ఈల వేస్తాడు. నాగజ్యోతి గడియారాన్ని ఆ గండం దాటించి పని కానిస్తుంది. పనయ్యాక మళ్లీ వెనక్కి తెస్తుంది. ఇలా ముందుకీ వెనక్కీ తిప్పగా తిప్పగా, ఒకరోజు బుడాన్ భోజనానికి వెళ్లిన టైము కంటే ముందే తిరిగొచ్చినట్టు హాజరు పడింది. సమయపాలనకు గాను అతన్ని అందరి ముందూ మెచ్చుకున్నారు.

అమావాస్యకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఆ రోజు కంప్యూటరు తెర మీద పసుపు గుడ్డ కప్పి ఉంచాలి. గడియారాన్ని అమావాస్య మీదుగా తిప్పడం కూడా నిషేధం. "మీంచి దూకినా దాటినట్టే కదమ్మా" అన్నారు ప్రేమ్‌చంద్ గారు. నాగజ్యోతికి ఒంగోలు కోర్సులో ఈ పాఠం చెప్పలేదు.

ఇదంతా ఇలా ఉండగా ఉగాది ముందు అమావాస్య వచ్చింది, దానితో పాటు యలమందయ్య ట్రాక్టరు కూడా వచ్చింది.

యలమందయ్యది పర్చూరు పక్క పల్లెటూరు. వాగు ఎండిన ఏడాది అది. ఆయనా, భార్య సుబ్బరావమ్మా బిందెలతో మోసి తోటను బతికించారు. కాయ ఎర్రగా, నిగనిగలాడుతూ దిగింది. కల్లంలో వదిలితే దొంగల భయం, అందుకని అమావాస్య అని తెలిసినా తోలుకొచ్చేశాడు. ముఠా కూలీలు టిక్కీలను లోపలి గదిలో చేర్చేశారు. కాగితం రాయించుకోవడానికి పండగ వెళ్లాక వచ్చి ఆయన నాగజ్యోతి ముందు తలగోక్కున్నాడు.

"అమ్మాయ్, అమావాస్య నాడు పెట్టినట్టు రాయమాకమ్మా. ఏదన్నా మంచి రోజు వెయ్. కాయ ఎట్టాగూ లోపలే ఉంది గదా, ఎప్పుడొచ్చిందంటే ఏముంది?"

ప్రేమ్‌చంద్ గారికి ఈ కోరిక ఎంతో సబబుగా తోచింది. సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన యలమందయ్య నక్షత్రానికి రోజు వెతకడం మొదలుపెట్టారు. గడిచిన ఫాల్గుణం, ఉగాదితో సహా చైత్రం కలిసిరాలేదు. వైశాఖంలో తారాబలం కుదరలేదు. ఆషాఢం శూన్యమాసం. శ్రావణంలో కుదిరినట్టే కుదిరి చంద్రుడు అడ్డం పడ్డాడు. భాద్రపదం మళ్లీ శూన్యమాసం. వెతగ్గా వెతగ్గా మార్గశిర పంచమి దొరికింది. అలాంటి రోజు కోటికొకరికి దొరుకుతుందట.

"సార్, అది రావడానికి ఇంకా బోలెడు నెలలున్నాయి. రాబోయే తేదీ వేస్తే ప్రోగ్రాము ఒప్పుకోదండీ" అంది నాగజ్యోతి.

"ఎందుకు ఒప్పుకోదు?"

"నేనే కాపలా పెట్టానండీ."

"పెట్టినమ్మవి తీసెయ్యలేవా? రైతు మంచి మనసుతో అడుగుతుంటే మిషను కాదంటుందా?"

తీసేసింది. ఒకే ఒక లైను. కొత్త ఉద్యోగం మరి. పైగా నియమావళికి ఆ రోజే ఇంకో నియమం చేరింది: ఒకసారి పెట్టిన ముహూర్తాన్ని మార్చడం అశుభం. తేదీ మార్చే వీలు లేకుండా ఆమె చేతే రాయించారు. యలమందయ్య రెండు చేతులా దణ్ణం పెట్టి సంతోషంగా వెళ్లాడు.

కార్తీకం చివర్లో గుంటూరు యార్డులో కాయకు మంచి గిరాకీ వచ్చింది. యలమందయ్య బేరం కుదుర్చుకుని ట్రాక్టరు కట్టుకుని వచ్చాడు. ముఠావాళ్లు మామూలుగా చేసేదే చేశారు. చల్లగది లోంచి టిక్కీలు తీసి, చలి విరగడానికి బయట ఆవరణలో పేర్చారు. ఆయన గేటు పాసు కోసం లోపలికి వచ్చాడు. నాగజ్యోతి ఆయన పేరు కొట్టింది. రెండో కాపలా నిక్షేపంలా పనిచేస్తోంది.

"బాబాయ్, మీ సరుకు ఇంకా రాలేదంటోంది."

"ఏంది రానిది?"

"లోపలికి. మార్గశిర పంచమికి గానీ రాదంట."

యలమందయ్య కిటికీ లోంచి బయటికి చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు. "నా కాయ అదిగో కళ్ల ముందరే ఉంది గదమ్మా! రాలేదంటదేంది నీ మిషను?"

రేడియోలో కొత్తపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటుతుందని చెబుతున్నారు. తూర్పున ఆకాశం సీసం రంగుకు తిరిగింది. యలమందయ్య పరుగున వెళ్లి బుడాన్ని పట్టుకున్నాడు. టిక్కీలను తిరిగి లోపల పెట్టించమన్నాడు. లోపల పెట్టాలంటే లోపలికి వచ్చే రోజు రావాలి. పోనీ ట్రాక్టరు ఎక్కించమన్నాడు. ఎక్కించాలంటే గేటు పాసు ఉండాలి. పోనీ స్టోరేజీ బరకాలు కప్పమన్నాడు. బరకాలు స్టోరేజీలో ఉన్న సరుకు మీద కప్పడానికే ఇస్తారు. ఈ సరుకు స్టోరేజీలో లేదు, రాలేదు. (ఎదురుగా ఉంది, అది వేరే విషయం.)

"నేనేం చెయ్యను పెద్దాయనా, ఈల వెయ్యమంటే వేస్తా" అన్నాడు బుడాన్.

యలమందయ్య ప్రేమ్‌చంద్ గారి గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. "అయ్యా, గడియారాన్ని తిప్పుతారంట గదా. ఆ పంచమి దాకా తిప్పి, కాగితం ఇచ్చి, మళ్లా ఎనక్కి తిప్పుకోండి. చినుకు పడిందంటే నా కాయ రంగు పోయి తాలైపోద్ది. ఏడాది కష్టమయ్యా."

"తిప్పేవాణ్ణే యలమందా. మధ్యలో కార్తీక అమావాస్య ఉంది."

ఆయన కళ్లలో కపటం లేదు. కపటం ఉంటే పోట్లాడవచ్చు, నమ్మకంతో ఏం పోట్లాడతాం? నాగజ్యోతికి ఒళ్లు మండింది. కుర్చీ లోంచి లేచింది.

"సార్, గడియారం తిప్పొద్దు, ఏం వద్దు. లోపలి ఫైల్లో ఆ తేదీని నేను మార్చేస్తాను. ఒక్క నిమిషం పని. అమావాస్య వేస్తాను, ఆయన వచ్చిన రోజే వేస్తాను."

"వెయ్యమ్మా, వెయ్. అమావాస్యే వెయ్!" అన్నాడు యలమందయ్య.

ప్రేమ్‌చంద్ గారి మనసు కరిగింది. కరిగిందనడానికి సాక్ష్యంగా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూశారు.

"సరే, మార్చు. ఇప్పుడు మాత్రం వర్జ్యం నడుస్తోంది. అది పోనీ."

వర్జ్యం పోయేలోగా కరెంటు పోయింది. కరెంటు వెనకే గాలి, గాలి వెనకే వాన వచ్చాయి. యలమందయ్య తన కండువా, ట్రాక్టరులో ఉన్న పాత పరదా, చివరికి తన చొక్కా విప్పి టిక్కీల మీద పరిచాడు. బుడాన్ నియమావళిని మరిచిపోయి రెండు బరకాలు లాక్కొచ్చాడు. గాలి వాటిని ఎగరేసుకుపోయి రోడ్డవతల తుమ్మచెట్లకు తగిలించింది. ఆవరణంతా ఎర్రనీళ్లు పారాయి. నాగజ్యోతి కిటికీ పట్టుకుని ఏడ్చింది.

వాన తెరిపిచ్చాక టిక్కీలు విప్పితే లోపల బూజు, తాలు. యార్డు నుంచి వచ్చిన బేరగాడు ఒక కాయ తుంచి, వాసన చూసి, పారేసి వెళ్లిపోయాడు. పాడైన కాయకు తేదీ మార్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కార్తీక అమావాస్య పసుపు గుడ్డ కింద క్షేమంగా గడిచింది. మార్గశిర పంచమి వచ్చింది. కోటికొకరికి దొరికే ఆ ముహూర్తాన కంప్యూటరు యలమందయ్య సరుకు లోపలికి వచ్చిందని ఒప్పుకుంది, ఆ వెంటనే బయటికి పోవచ్చని పాసు కూడా ఇచ్చింది.

ప్రేమ్‌చంద్ గారికీ బాధగానే ఉంది. "ఇట్టాంటిది మళ్లీ జరగకూడదమ్మా. ఆ మొదటి కాపలా ఏదో ఉండేదన్నావే, దాన్ని మళ్లీ పెట్టెయ్" అన్నారు. ఇన్నాళ్లకు న్యాయం గెలిచిందనుకుంది నాగజ్యోతి. ఆ లైను తిరిగి రాసింది. నాలుగుసార్లు సరిచూసుకుంది. ఇంక ఎవరూ రాబోయే తేదీ వేయలేరు.

తర్వాత తడిసిన సరుకు సంగతి తేల్చడానికి బీమా ఆఫీసరు వచ్చాడు. మాటల కంటే కంప్యూటరును నమ్మే రకం. తెర చూసి, చేతిలో ఉన్న వాన వివరాలు చూసి, యలమందయ్యను పైనుంచి కిందికి చూశాడు.

"గాలివాన కార్తీకంలో వచ్చింది. మీ సరుకు మార్గశిరంలో వచ్చింది. ఇక్కడ లేని సరుకు ఇక్కడి వానకు ఎట్లా తడుస్తుందయ్యా?"

"సార్, అది ఉగాది నుంచీ ఇక్కడే ఉందండీ" అంది నాగజ్యోతి. "రాబోయే తేదీ ముందే వేశాం. ప్రోగ్రాము ఒప్పుకుంది."

"ఒప్పుకుంటుందా? ఏదీ, ఇప్పుడొక రాబోయే తేదీ వెయ్యి."

ఆమె వేసింది. ప్రోగ్రాము ఒప్పుకోలేదు. వచ్చే నెల వేసింది, ఒప్పుకోలేదు. వచ్చే ఏడాది వేసింది, ఒప్పుకోలేదు. ఎంత బాగా రాసిందంటే, రేపటి తేదీని కూడా ఒప్పుకోలేదు.

"మొన్నటిదాకా ఒప్పుకునేదండీ, నేనే తీసేశాను, నేనే మళ్లీ..." అని ఆగిపోయింది. ప్రేమ్‌చంద్ గారు క్యాలెండరు చూసుకుంటున్నారు.

"తేదీల విషయంలో ఇంత నిజాయితీ గల ప్రోగ్రాము నేనెక్కడా చూడలేదు" అని ఆఫీసరు ఆమెను మెచ్చుకున్నాడు. తడిసిన సరుకును తెచ్చి ఇక్కడ దింపినందుకు యలమందయ్యను మందలించి వెళ్లాడు.

యలమందయ్య బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నాగజ్యోతి వచ్చి పక్కన నిలబడింది. ఆయనే అన్నాడు.

"ఊరుకో అమ్మాయ్. నేనడక్కపోతే నువ్వు రాసేదానివా? అయినా అమావాస్య నాడే పెట్టానని రాయించుకున్నా, ఇంతకంటే ఏం జరిగేదమ్మా?"

తడిసిన సరుకు తెచ్చే రైతులకు స్టోరేజీ బాధ్యత వహించదని ప్రేమ్‌చంద్ గారు కొత్త బోర్డు రాయించారు. అది గేటుకు ఇంకా తగిలించలేదు, సిద్ధాంతిగారు మంచి రోజు చూస్తున్నారు.