కుక్కుట కోలాహలమున బాయిలరు విజయము

వినుడు! రేకుల కప్పుపై మధ్యాహ్న మార్తాండుడు నిప్పులు చెరుగుచుండ, ఫ్యాను రెక్కలపై ధూళిపటలము గిరగిర తిరుగుచుండ, ఒకానొక సోమవారమున, కార్ఖానాల వీధి చివరనున్న ఇరుకు ఆఫీసుగదిలో చెలరేగిన మహాసంగ్రామము చెప్పెదను.

అచట ఫ్యాక్టరీలకు ఆవిరి పుట్టించు ఏనుగులంతటి బాయిలరులను అమ్ము మేనమామ యొకడు గలడు. ఆయన మేనకోడలు, కీబోర్డు టంకార భీషణ, మౌసు చాలన విచక్షణ, ఇంటర్నెట్టున ‘బాయిలర్’ అని వెదకిన వారి కన్నుల యెదుట తమ ప్రకటనను నిలుపు కార్యభారమును వహించినది. రెండేండ్లు గోదాములో నట్లు, బోల్టులు ఏరి, మావయ్యను బతిమాలి సంపాదించుకొన్న కుర్చీ అది.

ప్రకటన వెలసెను. ఫోను మ్రోగెను.

“హలో, బాయిలర్ ఉందాండీ?”

“ఉందండీ! ఎంత సైజు కావాలి?”

“మీ దగ్గర పెద్దది ఎంతుంటుంది?”

“ఐదు టన్నులండీ.”

“అమ్మో! కోడేనా అది?”

ఆ పిదప తేనెతుట్టె కదిపినట్లు ముట్టడి మొదలాయెను. స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా యని యొకడు. ముక్కలు కొట్టిస్తారా యని యొకతె. ఇంటికి తెచ్చిస్తారా యని వేరొకడు. ఆ చివరివానికి మేనమామ అలవాటు చొప్పున, “లారీ, క్రేనూ మావే అండీ, గోడ మాత్రం మీరు పగలగొట్టుకోవాలి” అని సెలవిచ్చి, నిజము తెలిసిన పిమ్మట కోపతామ్రాక్షుడాయెను.

“ఏమే! నేను ఇనుము అమ్ముతున్నానా, కోళ్ళు కోస్తున్నానా? సాయంత్రంలోగా ఒక్క ఫ్యాక్టరీవాడైనా ఫోన్ చెయ్యకపోతే ఈ ప్రకటనల గోల కట్టేసి గోదాంలోకి పద!”

ఆ మాట ఆమె గుండెలో గునపమై దిగెను. అయినను వీరనారి వెనుకంజ వేయునా? కుర్చీనుండి దిగ్గున లేచి, బాల్‌పెన్ను ఖడ్గమువలె ఝళిపించి యిట్లనెను:

“మావయ్యా! ‘చికెన్’ అన్నవాడికి మన గుమ్మం కనపడదు! ‘కిలో’ అన్నవాడికి మన వీధే కనపడదు! ‘కోడి’ అన్నా, ‘కోళ్ళ’ అన్నా, ప్రళయం దాకా వెతికినా మన నంబరు దొరకదు! ఇదే నా శపథం!”

“ముందు ఆ ఫోనెత్తు” అనెను మేనమామ.

అంతట నామె, ఏ యే మాటలతో వెదకినచో తమ ప్రకటన కనబడరాదో ఆ మాటలనెల్ల యొక్కొక్కటిగ టైపుచేసి, దుర్గద్వారములు మూయు సేనానివలె ఎంటరు మీట నొత్తి, ఒత్తి, ఒత్తి, కడకు జయశీలయై వెనుకకు వాలెను. ఫోను నోరు మూసికొనెను. మూసికొని, మరి తెరువదాయెను. కోళ్ళతోపాటు లోకమే మౌనము దాల్చెను. మేనమామ గోదాము తాళములు వ్రేలికి తగిలించుకొని త్రిప్పసాగెను.

ఆ ఘడియలో ఫోను మ్రోగెను! ఆమె స్పీకరు మీట నొక్కెను.

“అమ్మా, కోళ్ళకి బాయిలర్ కావాలి.”

“ఫోన్ పెట్టేయ్!” అని గర్జించెను మేనమామ.

ఆమె వ్రేలు మీటపై వాలబోయి, గాలిలోనే నిలిచెను. ‘కోళ్ళు’ కాదు, ‘కోళ్ళకి’! ఒక్క విభక్తి! ఏకాక్షర పరాక్రమము!

“కోళ్ళు కావాలాండీ, కోళ్ళకి కావాలాండీ?”

“కోళ్ళకేనమ్మా. దాణా ఫ్యాక్టరీ మాది. మేత ఉడికించడానికి గంటకి రెండు టన్నుల ఆవిరి కావాలి. పొద్దున మీ ప్రకటన చూసి నంబరు రాసుకున్నా. ఇందాక ‘కోళ్ళ దాణాకి బాయిలర్’ అని మళ్ళీ కొడితే మాయమైపోయింది!”

“అదా... నెట్ సరిగ్గా లేదండీ” అనుచు ఆ ధీరురాలు, కుడిచేత ఫోను పట్టి, ఎడమచేత ‘కోళ్ళ’ అను మాటను చెరనుండి గుట్టుగ విడిపించెను.

మేనమామ తాళములు జారవిడిచి ఫోను లాగికొనెను. “నమస్కారమండీ! ఎప్పుడు దింపమంటారు?”

“ముందు కొటేషన్ పంపండి. మా అన్నయ్య చూడాలి, ఇంజినీరు చూడాలి, మా బావ కూడా చూడాలి. అప్పుడు చూద్దాం.”

ఫోను ఆగెను.

“విన్నావా మావయ్యా! వద్దనలేదు!”

“చూద్దామన్నాడే!” అనెను మేనమామ, కన్నులు చెమర్చగా. “రేపు కూడా ఆ కుర్చీలోనే కూర్చో.”

ఇట్లు ఆ కుక్కుటవ్యూహ భేదిని, విభక్తి విజయిని, దిక్కులు పిక్కటిల్ల ఒకే ఒక్క ‘చూద్దాం’ను చెరబట్టి, చక్రముల కుర్చీపై కూర్చుండి, ఎవరును చూడకుండ, ఒక్క చుట్టు తిరిగెను.