మౌస్ మీద మా ఆయన చెయ్యి

భర్త దగ్గర లాప్‌టాప్ నేర్చుకోవడాన్ని మించిన భాగ్యం ఆడదాని జన్మకు ఇంకొకటి లేదు! కాదనేవాళ్ళకు ఇంకా పెళ్ళి కాలేదన్నమాట. లేదంటే వాళ్ళాయన దగ్గర లాప్‌టాప్ లేదన్నమాట.

నాకు పెళ్ళై రెండు నెలలు. అంతకుముందు చిత్తూరులో మూడేళ్ళు బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదివాను. పెళ్ళిచూపుల్లో మా నాయన ఈ మాట చెబితే, అవతలివాళ్ళు "మంచిదేనబ్బా" అన్నారు. అమ్మాయికి పాట వచ్చని చెప్పినా అదే మాట అనేవారు. కాకపోతే పాట వచ్చంటే ఒకసారి పాడించుకునైనా చూసేవారు.

మా అత్తవారిది నగరి. ఇంటి వెనకాల షెడ్డులో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు. మా మామగారు వరదయ్య వాటికి అధిపతి. మా ఆయన ఢిల్లీబాబు వాటితోపాటు ఒక లాప్‌టాప్‌కు కూడా అధిపతి. చెన్నై వ్యాపారులు పంపే చీర అంచుల బొమ్మలు అందులో చూసుకుంటారు. పెళ్ళైన రెండో వారంలో ఆయన నా వైపు ఎంతో ప్రేమగా చూసి, "హేమా, నీకు లాప్‌టాప్ నేర్పిస్తాను రా" అన్నారు.

పాఠకులారా, "నాకు వచ్చు" అని అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అంటారా? చెప్పాను. "కాలేజీలో నేర్పేది వేరే. ఇది వేరే" అన్నారు. నిజమే. మా కాలేజీలో లెక్చరర్ పక్కన అంత దగ్గరగా కూర్చునేవారు కాదు, వేరుశనక్కాయలు వలిచి చేతిలో పెట్టేవారూ కాదు. అందుకని ఊరుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ మగ్గాలు ఆగుతాయి. ఆ గంటసేపు నా చదువు. మొదటి రోజు పాఠం, మూత తీయడం. ఆయన మూత తీశారు. వేశారు. మళ్ళీ తీశారు. "సూసినావా? ఇంతే" అన్నారు. రెండో రోజు పవర్ బటన్. "ఒకసారి నొక్కి చెయ్యి తీసేయాల. ఊరికే నొక్కతా ఉంటే దానికి కోపమొస్తాది." మూడేళ్ళలో ఒక్క పుస్తకమైనా కంప్యూటర్ కోపం గురించి నాకు చెప్పిందా?

ఇందులో ఒక నియమం ఉంది. షెడ్డులోకి కొత్తగా పనికి వచ్చినవాడు నలభై రోజులు మగ్గాన్ని ముట్టుకోకూడదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నేసేవాడి వెనకాల నిలబడి చూడాలి. చెయ్యి పెడితే నూలు తెగుతుంది. మామగారు అలాగే నేర్చుకున్నారు, మా ఆయనా అలాగే నేర్చుకున్నారు. ఇంతటి మహత్తరమైన పద్ధతిని లాప్‌టాప్‌కు వర్తింపజేసినవారు ప్రపంచంలో మా ఆయన ఒక్కరే అయ్యుంటారు. మౌస్ మీద ఆయన చెయ్యి. నా చేతులు నా వెనకాల.

"ఒకసారి నన్ను నొక్కనీండి" అన్నాను ఐదో రోజు.

"తెగతాదిమే" అన్నారు.

"ఏం తెగుతుంది? ఇందులో నూలు యాడుంది?"

"నూలు లేదు గానీ, తెగేది ఏదో ఒకటి ఉంటాది కదా" అన్నారు.

ఈ జ్ఞానం ముందు నా డిగ్రీ ఏపాటి, మీరే చెప్పండి!

మూడో రోజు పాఠం గురించి చెప్పకుండా దాటేశాను. అది డెస్క్‌టాప్. దాని మీద మా పెళ్ళి ఫోటో పెట్టారు. చూసి ఎంత మురిసిపోయానో! కుడిపక్క ఆయన, పూలదండతో, పట్టుపంచెతో, పళ్ళన్నీ కనిపించే నవ్వుతో. ఎడమపక్క నేను. నేనేనని నగలను బట్టి చెబుతున్నాను. నా ముఖం మీద న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ టూ, న్యూ ఫోల్డర్ త్రీ... అలా పంతొమ్మిది దాకా వరసలు కట్టి ఉన్నాయి. ఎడమ కన్ను మీద ఏడోది, ముక్కు మీద పదకొండోది.

"వీటిని ఒక పక్కకు సర్దుదామా?" అన్నాను.

"వద్దు. ఆడుంటేనే నాకు దొరకతాయి. నీ ముఖం ఎదురుగానే ఉండాదిగదా, ఫోటోలో ఎందుకు?" అన్నారు.

ఆ మాటకు కరిగిపోయి రెండు రోజులు పాటలు పాడుకుంటూ తిరిగాను. ఇదుగో, ఇలాంటి లాభాలు కోచింగ్ సెంటర్లలో దొరుకుతాయా?

తర్వాతి పాఠాలు మరీ లోతైనవి. రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయకూడదు, ఎందుకంటే షెడ్డులో తెగిన నూలుపోగు కూడా పారేయరు. సేవ్ అంటే తెరను ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోవడం. షట్‌డౌన్ అంటే మూత వేసి, పైన తుండుగుడ్డ కప్పి, రెండు నిమిషాలు దాని జోలికి పోకుండా ఉండటం. ఇవన్నీ ఆయన కనిపెట్టినవే. లోకానికి చాటుకోని మేధావి!

ఇంతలో ఒక ఆపద వచ్చింది. పుత్తూరులో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్‌లో నేర్పే ఉద్యోగానికి పెళ్ళికి ముందే దరఖాస్తు పెట్టి ఉన్నాను. శుక్రవారం పదకొండు గంటలకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అని కబురు వచ్చింది. నా తెర వాళ్ళకు కనిపించేలా పెట్టి చిన్న పరీక్ష కూడా చేయాలి, లాప్‌టాప్ తప్పనిసరి అన్నారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలంటే, పుత్తూరు బస్సుల వేళలు అప్పటికే కంఠతా పట్టేశాను.

"శుక్రవారానికి నీకు ఇరవై రెండు రోజులే అయితాయి. ఇంకా పద్దెనిమిది ఉండాయి" అన్నారు మా గురువుగారు దిగులుగా.

"మరి ఇంటర్వ్యూ?"

"నేను పక్కన కూసుని నొక్కతా. నువ్వు నోటితో చెప్పు."

మగ్గాల మోత వినబడకూడదని మామగారు ఆ రోజు అరగంట మగ్గాలు ఆపారు. నాలుగు మగ్గాలు అరగంట ఆపడమంటే మా ఇంట్లో చిన్న విషయం కాదు. ఎలాగూ ఆగాయి కదా అని మా అత్తగారు మునిరత్నమ్మ శుక్రవారం పూజను కూడా ఆ వేళకే జరిపారు. మగ్గాలకు, మోటార్లకు, కుట్టుమిషనుకు, మోటార్ సైకిలుకు పసుపు కుంకుమ పెట్టుకుంటూ వచ్చారు. నేను చీర మార్చుకుంటూ లోపల ఉన్నాను.

పదకొండయింది. కాల్ కలిసింది. అవతల కళ్ళజోడు పెట్టుకున్న మేడమ్ ఒకావిడ, పక్కన ఇద్దరు సార్లు. "అమ్మా, మీరు కనిపించడం లేదు. అంతా ఎర్రగా ఉంది" అన్నారు మేడమ్.

మా ఆయన నొక్కారు. సెట్టింగులు తెరిచారు, మూశారు. పంతొమ్మిది ఫోల్డర్లలో మూడు తెరిచి చూశారు. చెమటలు పట్టాయి. "ఇంకా ఎర్రగానే ఉందమ్మా. కెమెరా సమస్య పరిష్కరించడం రాదా? మేం చేర్చుకునేది ల్యాబ్‌కు కదా" అన్నారు మేడమ్.

అప్పుడు చూశాను. కెమెరా మీద, గుండ్రంగా, నిండుగా, ఒక బొట్టు! లాప్‌టాప్‌కు కన్ను ఎక్కడుందో కనిపెట్టి, దాని మీద మా అత్తగారు కుంకుమ పెట్టారు. మా ఇంట్లో కంప్యూటర్ పరిజ్ఞానం ఉన్న వ్యక్తి ఆవిడే.

చేతులు ముందుకు తీసి కొంగుతో తుడిచేశాను. ఇరవై రెండు రోజుల్లో ఆ వస్తువును తాకడం అదే మొదలు. ఏదీ తెగలేదు.

"ఏమిటమ్మా అది?"

"కుంకుమ మేడమ్. శుక్రవారం కదా."

సార్లిద్దరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగారు. "పక్క నుంచి మౌస్ మీదికి వచ్చిన ఆ చెయ్యి ఎవరిది?"

 

"నాకు నేర్పించే ఆయనది మేడమ్."

"ఉద్యోగం కావాల్సింది ఆయనకా, నీకా?"

"నాకే" అన్నాను.

చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది. మేడమ్ తెర చూపించమన్నారు. చూపించాను. వరసలు కట్టిన ఫోల్డర్లను ఆవిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని చూశారు. ఎవరైనా పోయినప్పుడు అలా చూస్తారు. "నీకు వేరే పరీక్ష అక్కర్లేదు. ఈ డెస్క్‌టాప్ సర్దమ్మా, చాలు" అన్నారు.

నాలుగు నిమిషాలు పట్టింది. అంచుల బొమ్మలన్నీ ఒక చోట చేర్చాను, దేనికి తగిన పేరు దానికి పెట్టాను, ఖాళీవి తీసేశాను. ఒక్కో ఫోల్డరూ కదులుతుంటే అడుగు నుంచి నా ముఖం బయటికొచ్చింది. ముందు చెవి కమ్మ, తర్వాత కన్ను, ఆఖరున ముక్కు. బాగానే ఉన్నాను! తలెత్తి చూస్తే మా ఆయన నా వెనకాల నిలబడి ఉన్నారు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

ఉద్యోగం వచ్చింది. రోజూ ఎనిమిదింటి బస్సులో పుత్తూరు వెళుతున్నాను.

ఇప్పుడు చెప్పండి, భర్త దగ్గర నేర్చుకోవడం భాగ్యమా కాదా? ఈ మాట నేను కాదు, వీధి వీధంతా అంటోంది. వాళ్ళకు చెప్పింది మా ఆయన. "ఏమీ తెలీకుండా వచ్చింది. ఇరవై రెండు రోజుల్లో తయారుచేసినా. నలభై కూడా పట్టలా" అని టీ కొట్టు దగ్గర చెబుతున్నారట. ఎదురింటి లోహితకు కూడా నేర్పించమని వాళ్ళాయన వచ్చి అడిగి వెళ్ళాడు. లోహిత ఎం.సి.ఎ. చదివింది. పాపం, మూత తీయడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా ఆయనను చిన్నబుచ్చడం ఇష్టం లేక నేను ఎవరికీ ఏమీ చెప్పడం లేదు. మీకు మాత్రం రాస్తున్నాను, అదే లాప్‌టాప్ మీద. రాసింది సేవ్ చేసి, ఒక ఫోల్డర్‌లో వేసి, డెస్క్‌టాప్ మీద కుడిపక్కగా, పట్టుపంచెవారి పళ్ళన్నీ కనిపించే నవ్వు మీద సరిగ్గా పెట్టాను. పేరు న్యూ ఫోల్డర్ ట్వంటీ. ఆయన కంట పడుతుందేమోనని భయం లేదు. అది తన ఫోల్డరే అనుకుంటారు.